చుట్టాలొస్తా ఉండారు

మొన్న మే నెలలో అన్న ఫోన్ చేశాడు. సందులో ఇల్లు బేరం కుదిరిందంట. కొనేవాళ్ళు పడగొట్టి లాడ్జి కడతారంట. “నీకేమైనా కావాలంటే వచ్చి తీసుకుపో. చాటింపు అయిపోయింది, నేను యాడికీ పోను, ఊర్లోనే ఉంటా” అన్నాడు. అన్నకు యాభై దాటినా గంగమ్మ జాతర చాటింపు వేశాక పొలిమేర దాటడు. అవ్వ పెట్టిన భయం అది.

నేను కూడా తిరుపతిలోనే ఉంటాను, తిరుచానూరు రోడ్డు పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో. ఆ సందుకి ఆటోలో ఇరవై నిమిషాలు. కానీ అమ్మ పోయి, ఆ ఇంటికి తాళం పడ్డ నాలుగేళ్ళ నుంచి నేను అటు పోలేదు. పూలకని, పండగ సామానుకని గాంధీ రోడ్డుకి పోయినప్పుడు కూడా ఆ మలుపు దగ్గర తల అటు తిప్పకుండా వచ్చేసేదాన్ని.

మాది గోవిందరాజస్వామి గుడి మాడ వీధుల నుంచి లోపలికి తిరిగే ఒక చిన్న సందు. రెండు వైపులా కలిపి పద్నాలుగు ఇళ్ళు. ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్ళు గొంతు పెంచకుండా మాట్లాడితే మా వంటింట్లోకి వినపడేది. మేడ మీదికి ఎక్కితే ఒక పక్క గోవిందరాజస్వామి పెద్ద గోపురం, మట్లి అనంతరాజు కట్టించింది, ఏడంతస్తులూ కనపడేది. ఇంకో పక్క శేషాచలం కొండ. రాత్రిపూట గాలిగోపురం దీపాలు, ఘాట్ రోడ్డులో మలుపు తిరిగే బస్సుల లైట్లు. ఎండాకాలం అందరం మేడ మీదే పడుకునేవాళ్ళం. కొండకు పోయే బస్సులు లెక్కపెడుతూ నిద్రపోయేదాన్ని.

మా గోవిందరాజస్వామి కూడా పడుకునే ఉంటాడు కదా. తమ్ముడు వెంకటేశ్వరస్వామి పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేస్తే, ఆ డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి కుంచం తలకింద పెట్టుకుని నిద్రపోయాడని అవ్వ చెప్పేది. “ఇంతమంది గోవిందా గోవిందా అని అరస్తా ఉంటే ఆయనకు నిద్రెట్ల పడతాదవ్వా?” అని అడిగితే, “మనకు పట్టలా? అట్లనే” అనేది. రామానుజులవారు 1130లో ఆ స్వామిని అక్కడ ప్రతిష్ఠించిన తర్వాత గుడి చుట్టూ పెరిగిన ఊరు ఇది. అప్పట్నించీ ఈ వీధుల్లోవాళ్ళకు జనం గోలలో నిద్రపోవడం అలవాటై ఉంటుంది.

సందులో పగలు ఎవరూ తలుపులు మూసేవాళ్ళు కాదు. మూస్తే పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి తట్టేవాళ్ళు. “ఏమైంది? ఒంట్లో బాలేదా? ఏమన్నా గొడవా?” అని. ఒకసారి అమ్మ, నాన్న నిజంగానే గొడవపడి తలుపేసుకుంటే, మేడింటి పెద్దమ్మ గిన్నె పట్టుకుని మజ్జిగ కోసమని వచ్చింది. వాళ్ళింట్లో రెండు ఆవులు ఉండేవి.

ఇది చికాకు. కానీ దీని వల్లే నేను బతికి ఉన్నానేమో కూడా. నాకు ఆరేళ్ళప్పుడు, గోవిందరాజస్వామి పుష్కరిణిలో తెప్పోత్సవం చూడ్డానికి ఎవరితోనో పోయి, చెయ్యి వదిలేసి తప్పిపోయాను. చుట్టూ గుండ్లే. చందనం పూసిన గుండ్లు, పసుపు బట్టలు, తమిళం, కన్నడం. ఏడవడం మొదలుపెట్టకముందే పూలంగడి అక్క నన్ను చూసింది. అంగడి వదిలి రాలేదు కాబట్టి పక్కనున్న కొబ్బరికాయలాయనకి అప్పజెప్పింది. ఆయన సైకిల్ మీద పోతున్న పాలాయనని ఆపాడు. పాలాయన మా సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర దింపి పోయాడు. ఇస్త్రీ మామ ఆ చేతిలో వేడి పెట్టె, ఈ చేతిలో నన్ను పట్టుకుని ఇంటికి తెచ్చాడు. అమ్మ బియ్యం ఏరుతూ ఉంది. “ఇదెక్కడికి పోయింది? లోపలే ఉందనుకుంటిని” అంది. తప్పిపోయానన్న సంగతి ఇంట్లో తెలిసేలోపే నేను దొరికేశాను. నలుగురి చేతులు మారాను, ఒక్కరూ నన్ను మీ ఇల్లెక్కడ అని అడగలేదు.

నీళ్ళ సంగతి చెప్పాలి. తిరుపతిలో నా వయసు వాళ్ళనెవరినైనా అడగండి, చిన్నతనం అనగానే వాళ్ళకు మొదట గుర్తొచ్చేది దేవుడు కాదు, కొళాయి. కల్యాణి డ్యామ్‌లో నీళ్ళుంటే ఊరికి నీళ్ళు, లేకపోతే లేవు. తెలుగుగంగ నీళ్ళు కండలేరు నుంచి వచ్చింది తర్వాతెప్పుడో. మా సందుకి ఒకటే కొళాయి, అది వచ్చేది రాత్రి రెండింటికో మూడింటికో. ముందు గాలి వచ్చేది. బుస్సుమని ఆ శబ్దం వినపడితే పద్నాలుగు ఇళ్ళలో లైట్లు వెలిగేవి. సాయంత్రమే వరసలో పెట్టిన బిందెలు తాళ్ళతో కలిపి కట్టి ఉండేవి, ఎవరూ ముందుకు జరపకుండా. ఇంటికి ఆరు బిందెలు అని లెక్క. ఏడో బిందె పెట్టినవాళ్ళ వంశం మొత్తం ఆ రాత్రి కొళాయి దగ్గరే బయటికొచ్చేది.

ఆ కొళాయి దగ్గర మాట్లాడుకోని విషయం లేదు. ఎవరింట్లో సంబంధం చూస్తున్నారు, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడు, ఎవరి కోడలు పుట్టింటి నుంచి ఎందుకు రాలేదు. చీకట్లో మొహాలు కనపడవు కాబట్టి మాటలు ఇంకా బాగా వచ్చేవి. నేను నిద్రమొహంతో అవ్వ కొంగు పట్టుకుని నిలబడి అన్నీ వినేదాన్ని. వినడమే అయితే బాగుండేది.

ఇక చుట్టాలు. తిరుపతిలో ఇల్లుండడమంటే ఏమిటో వేరే ఊరివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. “మీకేమమ్మా, రోజూ స్వామిని చూడొచ్చు” అంటారు. మేము ఏడాదికి ఒకసారి కొండకు పోతే ఎక్కువ. రోజూ చూసింది చుట్టాలని. కడప నుంచి, నెల్లూరు నుంచి, అనంతపురం నుంచి, మాకు ఏమవుతారో మాకే తెలియనివాళ్ళు. నాన్న ఆఫీసులో పనిచేసినాయన బావమరిది కుటుంబం అని ఒకసారి తొమ్మిదిమంది దిగారు. తెల్లవారుజామున బస్సు దిగి, తలుపు తట్టి, “కొండకొచ్చినాము” అనేవాళ్ళు. ఆ ఒక్కమాట చాలు, ఇంక ఎవరు ఏమిటని అడక్కూడదు. అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. మా ఇంట్లో పదకొండు చాపలుండేవి, ఐదుగురం మనుషులం.

వాళ్ళ స్నానాలకు మా ఆరు బిందెలు. వాళ్ళు పోయి గుండ్లు చేయించుకుని తిరిగొస్తే మళ్ళీ స్నానాలు. పిల్లలకు గుండు మంట, ఏడుపులు. నాన్నని పక్కకి పిలిచి, “కొండమీద మీకెవరన్నా తెలిసినోళ్ళు ఉంటారు కదా” అని అడగడం. నాన్నకు కొండమీద తెలిసింది వెంకటేశ్వరస్వామి ఒక్కడే. పోయేటప్పుడు మాకొక లడ్డు ఇచ్చి, “ఇక్కడుండేవాళ్ళు మీరు, మీకు లడ్లకేం తక్కువ” అనేవాళ్ళు. ఈమధ్య నెలలో మొదటి మంగళవారం స్థానికులకు దర్శనం పెట్టారు గానీ, అప్పట్లో మాకు ఆ గౌరవం కూడా లేదు.

సత్రంలోనైనా ఖాళీ చేయమనే రోజు ఒకటి ఉంటుంది. అమ్మ మాత్రం ఎవరినీ ఏ రోజూ పొమ్మనలేదు. అవ్వ గొణిగేది గానీ వాళ్ళు పోయేటప్పుడు బొట్టుపెట్టి, “మళ్ళా వచ్చినప్పుడు ఇక్కడే దిగండి” అనేది. వెనక్కి తిరిగి, “నోరు జారింది” అనేది.

ఈ చుట్టాల విషయం ఇంత ఎందుకు చెప్పానంటే, మా ఇంట్లో జరిగిన ఒక అన్యాయానికి సాకుగా వాళ్ళే పనికొచ్చారు.

మా ఇంటికి ముందర ఒక పోర్షన్ ఉండేది. ఒక గది, చిన్న వంటిల్లు. 1984 చివర్లో, ధనుర్మాసంలో, దాంట్లోకి కొత్తగా పెళ్ళైన జంట వచ్చారు. ఆయన ఒక హోటల్లో లెక్కలు రాసేవాడు. ఆమె దగ్గర కుట్టుమిషను ఉండేది. సందులో మొదటి మిషను అదే. రెండోరోజుకే ఆమెకు మిషనక్క అని పేరుపడిపోయింది. పగలంతా కటకటకట శబ్దం. బడి నుంచి రాగానే నేను అక్కడే. గుడ్డ ముక్కలు ఏరి బొమ్మలకు చీరలు చుట్టేదాన్ని.

ఆ సంక్రాంతికి పితికిపప్పు పని మా అరుగు మీదే జరిగింది. చిత్తూరు వైపు వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. చలికాలంలో అనపకాయలు వస్తాయి. వాటిని ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పితకాలి. తోలు వేళ్ళలో ఉండిపోతుంది, లోపలి పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడుతుంది. గిన్నెలో పడాలంటే చెయ్యి తిరగాలి. లేకపోతే ఎదురుగా కూర్చున్నామె మొహాన పడుతుంది. ఒక ఇంటికి కూర కావాలంటే వెయ్యి గింజలు పితకాలి, ఒక్కతి వల్ల కాదు. అందుకే ఐదారుగురు చేరేవాళ్ళు. ఈరోజు ఒకరింటికి, రేపు ఇంకొకరింటికి. సాయంత్రానికి వేలి కొనలు ముడతలు పడి, అనపకాయల వాసన గోళ్ళలో నిలబడిపోయేది. ధనియాలు, కొబ్బరి, గసాలు నూరి వేసిన ఆ కూర దోసెల్లోకి అయితే, నేను ఇప్పటికీ దానికి సాటి ఇంకోటుందని ఒప్పుకోను.

మిషనక్కకి పితకడం రాదు. ఆమె గింజలు గోడకి తగులుతున్నాయి. అందరూ నవ్వుతున్నారు, ఆమె కూడా నవ్వుతోంది. అప్పుడు మేడింటి పెద్దమ్మ గిన్నెలోంచి తల ఎత్తకుండా అడిగింది. “మీ వైపు పితికిపప్పు చెయ్యరామ్మా? ఏ ఊరు మీది? ఏమిటోళ్ళు మీరు?”

మా సందులో ఇది మామూలు ప్రశ్న. కూరలబండాయన్ని బీరకాయలు తాజావేనా అని అడిగినంత మామూలుగా అడిగేవాళ్ళు. మిషనక్క ఊరిపేరు చెప్పింది. రెండోదానికి, “ఆయన వాళ్ళు...” అని ఏదో చెప్పింది. “ఆయన వాళ్ళు సరే, మీవాళ్ళు?” అంది పెద్దమ్మ. ఆ టైములో మిషనక్క పితికిన గింజ ఒకటి అవ్వ ముక్కు మీద పడింది. అందరూ గొల్లుమన్నారు. మాట అక్కడితో ఆగింది.

నాకు మాత్రం మిషనక్క చెప్పింది. సంక్రాంతి తర్వాత నాకు లంగా, జాకెట్టు కుడుతూ చెప్పింది. వాళ్ళ పెళ్ళి ఫోటో చూపించి, “మా నాయన రాలేదు చూడు” అంది. ఎందుకు రాలేదంటే, వాళ్ళ కులం వేరు, ఆయన కులం వేరు, ఇంట్లో చెప్పకుండా వచ్చేసింది. నాకు పదేళ్ళు. ఆమెకు పంతొమ్మిదో, ఇరవయ్యో. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి, నేనే దొరికాను. “ఎవరికీ చెప్పొద్దు బుజ్జీ” అంది. ఆ జాకెట్టు భుజాల దగ్గర, పక్కలకి గుడ్డ లోపలికి మడిచి ఎక్కువ పెట్టి కుట్టింది. “నువ్వు ఎదిగేకొద్దీ ఈ కుట్లు విప్పుకో. మూడేళ్ళు వస్తాది.”

నేను చెప్పాను. కొళాయి దగ్గర, రాత్రి మూడింటప్పుడు. నన్నెవరూ గుచ్చి అడగలేదు. పెద్దవాళ్ళు మిషనక్క గురించి తలోమాట అంటుంటే, నాకు తెలిసింది వాళ్ళకు తెలియదనే గొప్ప కోసం చెప్పాను. చెప్పగానే ఒక్క క్షణం అందరూ మాటలు ఆపేశారు. బిందెలో నీళ్ళు పడే శబ్దం మాత్రమే వినిపించింది. ఆ క్షణం నాకు చాలా బాగుంది. ఇది దాచి లాభం లేదు. చాలా బాగుంది.

మర్నాటి నుంచి కొళాయి వరసలో మిషనక్క బిందె పక్కన ఎవరి బిందే లేదు. ఎవరూ ఒక్కమాట అనలేదు. ఆమె బిందె తీశాక కొళాయి మూతిని నీళ్ళతో కడిగి పెట్టుకునేవాళ్ళు, అంతే. జాకెట్లు కుట్టమని ఇచ్చినవాళ్ళు, “తొందరేం లేదులే, మళ్ళా ఇస్తాం” అని వెనక్కి తీసుకుపోయారు. నాన్నకు ఇదేమీ నచ్చలేదు గానీ ఇల్లు అవ్వ పేరు మీద ఉంది. మేడింటి పెద్దమ్మ రోజూ వచ్చి అవ్వ చెవిలో ఊదేది. ఉగాదికి ముందే ఒకరోజు అవ్వ ముందర పోర్షన్ గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది.

“చుట్టాలొస్తా ఉండారు మాకు. కొండకు. చానామంది. ఈ పోర్షన్ కావాల్సొచ్చింది.”

మిషనక్క ఏమీ అడగలేదు. ఎంతమంది, ఎన్నాళ్ళు, ఏమీ అడగలేదు. తల ఊపింది. నాలుగోరోజు రిక్షాలో మిషను పెట్టుకుని వెళ్ళిపోయారు. రిక్షా సందు దాటేటప్పుడు మిషను చక్రం దానంతటదే తిరుగుతూ ఉంది.

పోర్షన్ ఖాళీగా ఉండిపోయింది. ఆశ్చర్యమేమంటే, ఆ నెలా, పై నెలా మా ఇంటికి నిజంగానే ఒక్క చుట్టమూ రాలేదు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మంగళవారం రాత్రి చాటింపు, బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, ఆ తర్వాత తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ రోజుకో వేషంలో ఊరంతా వెతికిందని కథ. దొర వేషంలో పోతే వాడు దొరికాడు. బైరాగికి ఒంటినిండా తెల్లసుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు. వేషం వేసినవాళ్ళు ఇంటింటికీ తిరుగుతూ తిడతారు. ఎవరినైనా, ఏమైనా తిట్టొచ్చు. వేషంలో ఉన్నది గంగమ్మ కాబట్టి ఆ తిట్లు దీవెనలే. తిట్టించుకున్నవాళ్ళు దండం పెట్టి డబ్బులివ్వాలి. ఏడాదంతా పెద్దవాళ్ళ ముందు నోరెత్తని పిల్లకాయలకు ఇంతకన్నా పండగ ఏముంటుంది?

అంతకు ముందు ఏడాది అన్నకు అమ్మవారు పోసింది. తగ్గితే బండ వేషం వేయిస్తానని అవ్వే మొక్కుకుంది. ఆ గురువారం పొద్దున తన చేత్తోనే అన్నకు తలనుంచి కాళ్ళదాకా కుంకుమ పూసింది, చేతికి వేపమండలు ఇచ్చింది. వాడికి పన్నెండేళ్ళు, మాటకారి కూడా కాదు. వీధంతా తిరిగాడు. మేడింటి పెద్దమ్మను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆమె నవ్వుతూ అర్ధరూపాయి ఇచ్చింది. చివరికి మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. అవ్వ పళ్ళెంలో పసుపు నీళ్ళు పట్టుకుని వచ్చింది. వెనక పదిమంది పిల్లలు, అరుగుల మీద ఆడవాళ్ళు.

అన్న తిట్టలేదు ముందు. ఖాళీ పోర్షన్ వైపు చూశాడు. తాళం చూశాడు. వేపమండ ఆ తాళం మీద కొట్టి అరిచాడు.

“ఏమే ముసిలిదానా! చుట్టాలొస్తా ఉండారంటివే! యాడే నీ చుట్టాలు? ఎంతమంది వచ్చినారే?”

సందు మొత్తం కదలకుండా నిలబడిపోయింది. నాకు కాళ్ళలో వణుకు. అన్నకు ఎవరు చెప్పారో, వాడే కనిపెట్టాడో తెలియదు. ఇన్నేళ్ళలో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే, కొళాయి దగ్గర చెప్పింది ఎవరనే మాట వస్తుంది.

అవ్వ పళ్ళెం కింద పెట్టింది. అన్న కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసింది. దండం పెట్టింది. లేవలేదు. అట్లనే చాలాసేపు వంగే ఉండిపోయింది. తర్వాత కొంగు ముడిలోంచి రూపాయి తీసి వాడి చేతిలో పెట్టింది. ఆ రోజుల్లో వేషానికి రూపాయి ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు. లోపలికి వచ్చి, మధ్యాహ్నం దాకా తలుపేసుకుంది. ఆ రోజు ఎవరూ వచ్చి ఏమైందని తట్టలేదు.

మిషనక్కని వెతికించిందా, పోర్షన్ ఆమెకే మళ్ళీ ఇచ్చిందా అంటే, లేదు. ఆమె యాడికి పోయిందో ఎవరికీ తెలియదు. పక్కింట్లో ఈనిన ఆవుకు ఎన్ని నెలలో తేదీలతో సహా చెప్పే మా సందుకి, ఆమె గురించి ఏమీ తెలియలేదు. ఏడాది తర్వాత నేను ఆ జాకెట్టు కుట్లు విప్పాను. లోపల మడిచిన గుడ్డ కొత్తదిలా ఉంది, బయట గుడ్డ వెలిసిపోయింది. భుజాల మీద రెండు పట్టీలు వేరే రంగులో కనపడేవి. బడిలో పిల్లలు అడిగితే అది డిజైన్ అని చెప్పేదాన్ని.

మిగతాది చాలామంది కథే. డిగ్రీలో ఉండగా బస్టాపులో క్లాసుమేట్‌తో ఐదు నిమిషాలు మాట్లాడితే, నేను ఇంటికి చేరేసరికి మూడు నోళ్ళు ముందే చేరాయి. అమ్మ అన్నం పెట్టింది, మాట్లాడలేదు. అప్పుడు ఒళ్ళు మండింది. ఆ మంటలో నాకు మిషనక్క గుర్తొచ్చింది, ఆ వయసులో మొదటిసారి.

పెళ్ళై, ఉద్యోగాలు తిరిగి, మళ్ళీ తిరుపతికే వచ్చి ఈ ఫ్లాట్ తీసుకున్నాం. నీళ్ళు రోజంతా వస్తాయి. మా అమ్మాయి ఎప్పుడు వచ్చింది, ఎవరితో వచ్చింది అని ఎవరూ అడగరు. నాకు ఇది ఇష్టం. ఆ సందులో నా కూతుర్ని పెంచేదాన్ని కాదు, ఎవరేమన్నా సరే. అయితే 2021 నవంబరులో పడిన ఆ వానలు గుర్తున్నాయి కదా. కపిలతీర్థం మీద కొండంతా నీళ్ళై దూకింది, ఘాట్ రోడ్లు మూసేశారు, వీధులన్నీ ఏర్లయ్యాయి. మా సెల్లార్‌లో కార్లు మునిగాయి, కరెంటు లేదు. రెండోరోజు ఎదురు ఫ్లాటాయన కొవ్వొత్తి ఉందా అని తలుపు తట్టాడు. అప్పటికి మేము అక్కడికి వచ్చి ఆరేళ్ళు. ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకు తెలియదు. అదే పూట పూలంగడి అక్క ఫోన్ చేసింది. డెబ్బై దాటింది ఆమెకు. “మీ దిక్కు నీళ్ళంట కదా, పాపకు పాలున్నాయా?” అంది. పాపకు అప్పటికి పందొమ్మిదేళ్ళు.

అన్న ఫోన్ చేసిన ఆ వారమే, గురువారం పోయాను. బండ వేషం రోజని గుర్తులేదు, ఆటో దిగి కుంకుమ మనుషుల్ని చూశాక గుర్తొచ్చింది. సందులో పద్నాలుగు ఇళ్ళలో పాతవాళ్ళు ముగ్గురే. మిగతావి లాడ్జిలు, ట్రావెల్స్ ఆఫీసులు, ఒక మొబైల్ కవర్ల అంగడి. కొళాయి ఉన్న చోట ఎవరిదో కారు. మేడింటి పెద్దమ్మ వాళ్ళ అరుగు పోయింది, ఆ చోట ఏటీఎం ఉంది.

అన్న తాళం తీశాడు. ఏం కావాలన్నాడు. ఏం కావాలో నాకే తెలియలేదు. రుబ్బురోలు చూశాను, ఎత్తడానికి నలుగురు కావాలి, ఫ్లాట్లో పెట్టడానికి చోటు లేదు. అటక మీద చాపలు చుట్టగా ఉన్నాయి, చెదలు పట్టి. లెక్కపెడితే ఏడే ఉన్నాయి. ముందర పోర్షన్‌లోకి పోయాను. మిషను పెట్టిన చోట గచ్చు మీద నాలుగు గుంటలు ఇంకా ఉన్నాయి. తర్వాత ఎంతమంది అద్దెకున్నారో, అవి అట్లే ఉన్నాయి. అన్న కూడా అవి చూశాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు. నీళ్ళ బిందె ఒకటి తీసుకున్నాను, ఇత్తడిది, మూతి దగ్గర సొట్ట.

తాళం వేస్తుంటే వెనక నుంచి అరుపు. తిరిగి చూస్తే పదేళ్ళ పిల్లోడు, ఒంటినిండా కుంకుమ, వేపమండలు. వాడెవరో మాకు తెలియదు. మేమెవరో వాడికి తెలియదు.

“ఏమే! తలుపేసుకుని యాడికి పోతా ఉండావే? ఆ బిందె దొంగతనం చేసినావా?”

అన్న నవ్వు ఆపుకుంటూ చేతులు జోడించాడు. నేనూ జోడించాను. పర్సు తీస్తే అంతా ఐదొందల నోట్లు. “నాయనా, ఫోన్‌పే ఉందా?” అని అడిగాను, నిజంగానే అడిగాను.

“గంగమ్మకు ఫోన్‌పే యాందే, బండదానా!” అని వేపమండతో బిందె మీద ఒక్కటి కొట్టాడు.

చిల్లర తేవడానికి అన్న టీ అంగడికి పోయాడు. వాడు వచ్చేదాకా ఆ పిల్లోడు అక్కడే నిలబడి నన్ను తిడుతూ ఉన్నాడు.